నర్సరీ మలుపు

పంతొమ్మిదేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ కలిసి ఒక్క ఎండాకాలం కూడా ఊరు దాటింది లేదు. ఆమె స్కూల్లో సైన్సు ల్యాబ్ అసిస్టెంటు. ఎండాకాలం రెండు నెలలూ ఆమెకు సెలవులే. అతను బస్సు డ్రైవరు. సరిగ్గా ఆ రెండు నెలలే అతనికి ఊపిరి సలపని పని. జనాన్ని కొండలకీ, జలపాతాలకీ, చుట్టాల ఇళ్ళకీ చేరవేసి మళ్ళీ తెచ్చి దింపడంతోనే అతని ఎండాకాలాలన్నీ గడిచిపోయాయి. "ఈ చుట్టుపక్కల నేను వెళ్ళని చోటు లేదు, బండి దిగి చూసిన చోటూ లేదు," అని నవ్వేవాడు.

ఆ ఏడు మాత్రం ఆమె పట్టుబట్టింది. పిల్లలు లేరు, పెద్దవాళ్ళు పోయారు, ఇంకెప్పుడు తిరుగుతామని నిలదీసింది. అతను డిపో మేనేజరు గదిలో గంటసేపు నిలబడి మూడు వారాల సెలవు రాయించుకొచ్చాడు. ముందు కొండమీద ఆమె అక్కావాళ్ళ ఇల్లు, తర్వాత అడవిలో జలపాతం, చివర సరస్సు ఒడ్డున గెస్ట్‌హౌసులో రెండు రోజులు. సరస్సుకి మెకానిక్, అతని భార్య కూడా వస్తామన్నారు.

మెకానిక్ అంటే ఆమె భర్తతో పాటు ఒకే రోజు డిపోలో చేరినవాడు. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ, ఇంకో కొస చెవికీ ఆనించి జబ్బేమిటో చెప్పేస్తాడని డిపోలో అందరూ 'డాక్టరు' అనేవాళ్ళు. ఆమె అతన్ని అన్నయ్యా అనేది, అతని భార్యని వదినా అనేది. రెండిళ్ళకీ మధ్య పిలుపులే కాదు, ఒకరి జ్వరానికి ఇంకొకరు సెలవు పెట్టేంత చనువుండేది.

సెలవు మొదలవడానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా, పొద్దున పది గంటల పద్దెనిమిది నిమిషాలకి, అతని బస్సు నర్సరీ మలుపులో ఒక మనిషిని గుద్దింది. మొక్కల నర్సరీలో పనిచేసే నడివయసు ఆడమనిషి, తోపుడు బండి నిండా మొక్కలు పెట్టుకుని రోడ్డు దాటుతోందట. ఆస్పత్రి చేరకముందే ప్రాణం పోయింది.

పోలీసులకి అతను చెప్పింది ఒకటే ముక్క. "బ్రేకు తొక్కాను. సరిగా పడలేదు."

బస్సు పాతది. దాన్లో ఒక్కసారి ఎక్కినవాళ్ళెవరూ ఆ మాటకి ఆశ్చర్యపోలేదు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు, ఎడమ వెనక చక్రం బ్రేకు ఉండాల్సినంత బిగువుగా లేదని రాశాడు. ముందురోజు సాయంత్రం ఆ బస్సు చూసి 'అన్నీ సరిగా ఉన్నాయి' అని సంతకం పెట్టింది డాక్టరు. డ్రైవరునీ సస్పెండ్ చేశారు, మెకానిక్‌నీ సస్పెండ్ చేశారు. విచారణ ఎండాకాలం చివర్లో అన్నారు.

"మూడు వారాలు అడిగితే గంట నిలబెట్టారు. అడక్కుండా మూడు నెలలిచ్చారు," అన్నాడు అతను, ఆ కాగితం బల్లమీద పడేసి. ఆమెకు నవ్వు రాలేదు.

ఆమె మనసులో ముల్లులా ఒకటి దిగబడి ఉంది. ఆ పొద్దున ఆమె అతనికి ఫోన్ చేసింది. పరీక్షలైపోయాయి, ల్యాబ్‌లో బీకర్లు కడిగి బోర్లిస్తోంది. గెస్ట్‌హౌసువాళ్ళు ఒక గది కావాలో రెండు కావాలో తేల్చమన్నారు. అది అడగడానికి చేసింది. డ్యూటీలో ఉన్నాడని తెలిసే చేసింది. పంతొమ్మిదేళ్ళుగా అలా చేస్తూనే ఉంది, అతను ఎత్తుతూనే ఉన్నాడు. అతను ఏదో అంటుండగా లైను తెగింది. సిగ్నల్ పోయిందనుకుని మళ్ళీ బీకర్లలో పడింది. తర్వాత ఫోనులో చూసుకుంటే ఆ కాల్ పదీ పదిహేడుకి మొదలై నలభై ఒక్క సెకన్లు నడిచింది.

రెండో రోజు ధైర్యం చేసి అడిగింది.

"నువ్వు చేసినప్పుడు పాలకేంద్రం స్టాపులో ఉన్నాను. బండి ఆపే మాట్లాడాను," అన్నాడు అతను. "అక్కణ్ణుంచి మలుపు దాకా పది నిమిషాలు పడుతుంది."

"మరి పోలీసుల కాగితంలో పదీ పద్దెనిమిది అని..."

"ఎవడి వాచీ చూసి రాశారో! ఫోన్ సంగతి ఎవరితోనూ అనకు. లేనిపోని పేచీ."

ఆమె తలూపింది. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మింది.

ప్రయాణాలు మానేద్దామని ఆమే అంది. అతను ఒప్పుకోలేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కిపోతుందన్నాడు. నిజమే, పరామర్శ పేరుతో వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు గుచ్చిగుచ్చి అడుగుతున్నారు. వచ్చిన ప్రతివాళ్ళకీ అతను మొదటినుంచీ చెప్పాల్సి వస్తోంది. ఆ మాటలు వింటూ ఆమె వంటగదిలో కడిగిన గిన్నే కడుగుతోంది.

అక్కావాళ్ళింటికి కొండదారిలో మూడు గంటలు. అతను డ్రైవరు వెనకాల సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా అతని కుడికాలు నేలని నొక్కుతోంది. చూసినా ఆమె చూడనట్టు ఊరుకుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి చల్లబడింది. చెట్ల సందుల్లోంచి లోయ కనిపించింది. "ఇంత బావుంటుందా ఇక్కడ!" అన్నాడు అతను. ఏడువందలసార్లు వచ్చి ఉంటాడు ఆ దారిలో.

బావ కలప మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. మనిషి మంచివాడే కానీ నోరు ఊరుకోదు. భోజనాల దగ్గర పీట వేసుకుని మరీ అడిగాడు. "అసలేం జరిగింది తమ్ముడూ? మొదట్నుంచీ చెప్పు. పేపర్లో రెండు లైన్లే వేశాడు వెధవ."

అతను చెప్పాడు. పోలీసులతో సరిగా పడలేదన్న బ్రేకు, పక్కింటివాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మెత్తగా తగిలింది. ఇక్కడ పెడల్ నేలదాకా దిగిపోయింది. "స్పాంజి తొక్కినట్టే ఉందండీ," అన్నాడు. ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ స్పాంజి మాట ఆమె ఇంతకుముందు వినలేదు.

"అయితే ఆ మెకానిక్ గాడు చూడకుండానే సంతకం గీకేశాడన్నమాట!" అన్నాడు బావ.

"వాణ్ణేమీ అనకండి అన్నయ్యగారూ," అన్నాడు అతను, కంచం వైపు చూస్తూ. "మనిషన్నాక పొరపాటు జరుగుతుంది."

తర్వాత వంటగదిలో అక్క గిన్నెలు సర్దుతూ, "మీ ఆయనది ఎంత మంచి మనసే! అంత జరిగినా స్నేహితుణ్ణి వెనకేసుకొస్తున్నాడు," అంది. ఆమెకు ఒళ్ళు జలదరించింది. చన్నీళ్ళు తగిలాయని అక్కతో అబద్ధం చెప్పింది.

జలపాతానికి వెళ్ళింది ఆ తర్వాతి వారం. బస్సు దిగి రెండు గంటలు అడవిలో నడవాలి. ఎండాకాలం కదా, జలపాతంలో నీళ్ళు జడ పాయంత సన్నగా పడుతున్నాయి. అయినా కింద గుంటలో మోకాలిలోతు చల్లటి నీళ్ళున్నాయి. అతను ప్యాంటు మడిచి దిగి, చెయ్యందించి ఆమెనీ దింపాడు. చిన్న చేపలు కాలివేళ్ళని పొడుస్తుంటే ఆమె కెవ్వుమంది. అతను పగలబడి నవ్వాడు. పక్కన ఎవరో కుటుంబం కూడా వీళ్ళని చూసి నవ్వింది. బండమీద కూర్చుని రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. అతను ఆమె ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోయాడు. ప్రమాదం జరిగాక అతను ఒళ్ళెరగకుండా నిద్రపోవడం అదే మొదలు. చెంపమీద వాలిన చీమని తీసేస్తూ ఆమె కూర్చుంది. తనకి సంతోషంగా ఉందని ఆమెకు తెలిసింది. ఆ సంతోషానికి ఆమెకు తలకొట్టేసినట్టయింది. మొక్కల బండి తోసుకుంటూ రోడ్డు దాటిన మనిషికి కూడా ఇలాంటి ఒడి ఒకటి ఉండి ఉంటుంది.

ఇక సరస్సు. అక్కడికి వెళ్ళే బస్సు ఒక్కటే, నర్సరీ మలుపు మీదుగానే వెళ్తుంది. మానేద్దామా అని ఆమె అడగబోయేలోపే డాక్టరు ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, రావడం మానకండి. వాడితో మాట్లాడితే గానీ నాకు మనసు కుదుటపడదు," అన్నాడు.

బస్టాండులో అతన్ని చూసి ఆమె గుర్తుపట్టలేకపోయింది. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. వేళ్ళ చర్మం కడిగి కడిగి పాలిపోయింది. "రోజుకి పదిసార్లు సబ్బుతో తోముతున్నారు," అని వదిన చెవిలో చెప్పింది. "గ్రీజు పోలేదంటారు. నెలన్నర నుంచి గ్రీజు ముట్టుకున్నదెక్కడ?"

బస్సు పాలకేంద్రం దగ్గర ఆగి, ఇద్దర్ని దింపి కదిలింది. ఆమె వేలు దానంతటదే వాచీ బటన్ నొక్కింది. ల్యాబ్‌లో పిల్లల ప్రయోగాలకి ఎన్ని వేలసార్లు నొక్కిందో ఆ బటన్. కావాలని చేయలేదు. లేదా కావాలనే చేసింది, తర్వాత ఎంత తవ్వుకున్నా ఆ సంగతి ఆమెకే తేలలేదు. బస్సు చిన్న వంతెన దాటింది. ఇటుకల బట్టీ దాటింది. అప్పుడే నల్ల ప్లాస్టిక్ సంచుల్లో వరసలు వరసలుగా మొక్కలు కనిపించాయి. మలుపు. మళ్ళీ నొక్కింది.

రెండు నిమిషాల నలభై సెకన్లు.

ఆమె భర్త అవతలి కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు. డాక్టరు మాత్రం సీట్లోంచి లేచి, కమ్మీ పట్టుకుని, కళ్ళు చిట్లించి ఆ రోడ్డునే చూశాడు. మలుపు దాటి వెనక్కి పోయేదాకా చూస్తూనే ఉన్నాడు.

సరస్సు చాలా పెద్దది. అవతలి ఒడ్డు నీలంగా, గీత గీసినట్టుంది. గెస్ట్‌హౌసు వరండాలో నలుగురూ టీలు పట్టుకుని కూర్చున్నారు. కొంగలు, పడవలు, ఎవరివో పిల్లల కేకలు. ఎవరూ వాటి గురించి మాట్లాడలేదు.

"ఒక్కసారి మళ్ళీ చెప్పరా," అన్నాడు డాక్టరు. "పెడల్ ఎంతదాకా దిగింది?"

"నేలదాకా. స్పాంజి తొక్కినట్టుంది."

"బ్రేకులోంచి గాలి పోయిన చప్పుడేమైనా వచ్చిందా?"

"గుర్తులేదురా."

"కుడివైపు లాగిందా, ఎడమకా?"

"వదిలెయ్యరా ఇంక," అన్నాడు ఆమె భర్త, అతని భుజం మీద చెయ్యేసి.

"ఎలా వదిలెయ్యను? ముందు చక్రాలు రెండూ చూసినట్టు కళ్ళకి కట్టినట్టుంది. కుడి వెనకదీ చూశాను. నాలుగోది గుర్తుకు రావట్లేదు. రోజుకి పద్నాలుగు బళ్ళు చూస్తాను, ఏదని గుర్తుంటుంది? కానీ గుర్తుండాలి కదా! ఒక మనిషి పోయింది కదా!" డాక్టరు గ్లాసు కింద పెట్టి చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున భార్యాభర్తలిద్దరూ ఒడ్డు వెంబడి నడిచారు. జనం లేని చోటికి వచ్చాక అతను చెప్పులు విడిచి, నీళ్ళలో దిగడానికి ప్యాంటు మడుస్తున్నాడు.

"పాలకేంద్రం నుంచి మలుపుకి రెండు నిమిషాల నలభై సెకన్లు," అంది ఆమె.

అతను వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. "ఏంటి?"

"నిన్న వాచీ పెట్టి చూశాను. మీరు పది నిమిషాలన్నారు."

"నిన్న రోడ్డు ఖాళీగా ఉంది."

"ఎంత ఖాళీగా ఉన్నా పది రెండవుతుందా? ఏమండీ, కొలత తప్పు రాసిన పిల్లల ముఖం చూస్తేనే నాకు తెలిసిపోతుంది. మీరు బండి ఆపలేదు. నడుపుతూ మాట్లాడారు."

నీళ్ళు వచ్చి అతని పాదాలు తడిపి వెళ్ళాయి. అతను నిటారుగా నిలబడ్డాడు.

"బ్రేకు పడింది," అన్నాడు. "బాగానే పడింది. నేనే ఆలస్యంగా తొక్కాను."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఒక గదా రెండా అన్నావు. రెండు అని చెప్పాను. 'రెండు' అనడం మొదలుపెట్టినప్పుడు రోడ్డు మీద ఎవరూ లేరు. ఆ మాట పూర్తయ్యేసరికి ఉంది."

ఆమె తడి ఇసకలో కూలబడిపోయింది. అతను పక్కన కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు. వెనక సీట్లో ఒక ముసలాయన, డ్రైవరు చెయ్యి చెవి దగ్గరుందని పోలీసులతో అన్నాడట. ఆయనకి చూపు సరిగా ఆనదని కొట్టిపారేశారట. ఆ తర్వాత ఇంజనీరు రిపోర్టు వచ్చింది, ఇంక ఫోన్ సంగతి అడిగిన నాథుడే లేడు.

"మరి అన్నయ్య సంగతేంటి?"

"వాడికేం కాదు. మెకానిక్కులకి మహా అయితే ఒక ఇంక్రిమెంటు కోస్తారు, అంతే. నాకైతే ఉద్యోగం పోతుంది, జైలు. నీ పేరు కూడా రోడ్డున పడుతుంది. అసలు నీ ఫోన్ వల్లే కదా..." అని చటుక్కున ఆగిపోయాడు. "ఆ ఉద్దేశంతో అనలేదు," అన్నాడు.

అతను అనకపోయినా ఆమె తనని తాను ఆ మాట అనుకుని నెలన్నరైంది. "మీరే చెప్పండి అన్నయ్యకి," అంది. "ఇవాళే చెప్పండి. ఇక్కడే ఉన్నాడు."

"చెప్తాను. కాస్త టైమివ్వు."

ఆ రోజు మధ్యాహ్నం నలుగురూ పడవెక్కారు. వదిన నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడించింది. డాక్టరు పడవ మోటారు చప్పుడు విని, అలవాటుగా తల పక్కకి వంచి, అంతలోనే ఎవరో గద్దించినట్టు తల తిప్పేసుకున్నాడు. ఆమె భర్త ఏమీ చెప్పలేదు. సాయంత్రం చెప్పలేదు, తిరుగు ప్రయాణంలో చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆమె అడిగినప్పుడల్లా నీళ్ళు నమిలాడు. రేపన్నాడు, యూనియన్ వాళ్ళని కనుక్కున్నాక అన్నాడు. ఆమె కూడా రోజులు లెక్కపెడుతూ కూర్చుంది. అతని నోటితోనే చెప్పించాలని పంతం పట్టాననుకుంది. ఆ పంతంలో తన భయం ఎంతో, ఉద్యోగం పోతుందన్న బెంగ ఎంతో విడదీసి చూసుకోలేదు.

పన్నెండో రోజు ఉండబట్టలేక తనే బయల్దేరింది.

డాక్టరు వాళ్ళిల్లు బట్టలు ఇస్త్రీ చేసే షాపు పైన రెండు గదులు. మెట్లమీద ఆవిరి వాసన. తలుపు తీసిన వదిన, "రా, నువ్వైనా కాస్త చెప్పు ఈయనకి," అంది. డాక్టరు నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నాలుగు కంచాలు బోర్లించి ఉన్నాయి, నాలుగు చక్రాల్లాగా.

"చెల్లెమ్మా, మంచి సమయానికి వచ్చావు! గుర్తొచ్చేసింది," అన్నాడు. అతని ముఖం తేటగా ఉంది. అలా తేటగా ఉండటం చూస్తేనే ఆమెకు భయమేసింది. "ఇదిగో, ముందు రెండూ చూశాను. కుడి వెనకది చూశాను. నాలుగోదాని దగ్గరికి వస్తుంటే టీకి పిలిచారు. వెళ్ళాను. వచ్చి సంతకం పెట్టేశాను. నాలుగోది ముట్టుకోనే లేదు. అదే రాసిచ్చేశాను విచారణ అధికారికి. సోమవారమే ఇచ్చాను. తప్పు నాదేనని, వాడిది కాదని."

"ఆ సాయంత్రం టీకొట్టు మూసేసి ఉందని మీరే అన్నారు కదండీ! ఇంటికొచ్చి తలనొప్పి అని టీ పెట్టించుకున్నారు," అంది వదిన.

"అది వేరే రోజు," అన్నాడు డాక్టరు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

ఆమె ఫోన్ తీసి అతని ముందు పెట్టింది. మొత్తం చెప్పింది. ఫోన్ చేసిన టైము, పోలీసు కాగితంలో టైము, బస్సులో వాచీ చూసిన సంగతి, సరస్సు దగ్గర భర్త ఒప్పుకున్న సంగతి. "బ్రేకు పడిందన్నయ్యా. ఆయనే చెప్పారు. మీ తప్పేమీ లేదు."

డాక్టరు ఫోన్ కేసి చూశాడు. ఆమెకేసి చూశాడు. జాలిగా నవ్వాడు.

"నన్ను ఓదార్చడానికి సొంత మొగుడి మీద ఇంత నింద వేసుకుంటారామ్మా ఎవరైనా? నీ మనసు మంచిది. వాడు ఫోన్ మాట్లాడితే మాట్లాడి ఉంటాడు. నాలుగో చక్రం మాత్రం నేను చూళ్ళేదు. నాకు తెలుసు కదా!"

ఎన్ని రకాలుగా చెప్పినా అంతే. కంచాలు మళ్ళీ వరసగా సర్ది మొదట్నుంచీ చూపించాడు.

వదిన ఆమె రెక్క పట్టుకుని మెట్లమీదికి లాక్కొచ్చింది. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"సరస్సు దగ్గర్నుంచి."

"అంటే పన్నెండు రోజులు," అంది వదిన. "పడవెక్కినప్పుడు తెలుసు. నా పక్కన కూర్చుని పళ్ళు కోసి పెట్టినప్పుడు తెలుసు. ఆయన ఆ కాగితం ఇచ్చి మూడు రోజులే అయింది. నువ్వు పోయిన వారం వచ్చి ఉంటే..." కింద షాపులో ఇస్త్రీపెట్టె బుస్సుమంటోంది. "రేపు వెళ్ళి చెప్తావా, లేకపోతే నన్నే ఈడ్చుకెళ్ళమంటావా?"

"నేనే వెళ్తాను వదినా."

మర్నాడు పొద్దున ఆమె భర్తకి చెప్పింది. అతను కేకలేస్తాడనుకుంది. వెయ్యలేదు. మంచం అంచున కూర్చుని, "నేనే వెళ్తాలే. నువ్వెందుకు," అన్నాడు. ఒక బూటు వేసుకుని లేసు కట్టుకున్నాడు. రెండోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె గుమ్మం దగ్గర పావుగంట నిలబడింది. అతను కట్టిన లేసు విప్పి, బూటు తీసి, రెండూ మంచం కిందికి తోసేశాడు. ఆమె ఒక్కతే వెళ్ళింది.

విచారణ అధికారి కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. మర్యాదగానే మాట్లాడింది.

"మీ భర్త డ్యూటీలో ఉన్నారని తెలిసే ఫోన్ చేశారా?"

"తెలిసే చేశాను."

"అంతకుముందు కూడా చేసేవారా?"

"చేసేదాన్ని. ఆయన ఎత్తేవారు."

అవన్నీ ఆ పెద్దావిడ నెమ్మదిగా రాసుకుంది. చదివి వినిపించి, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టమంది. ఆమె పెట్టింది. బయటికొచ్చాక ఎండలో ఎటు నడవాలో కాసేపు తెలియలేదు.

ఆ తర్వాత అన్నీ త్వరత్వరగా జరిగిపోయాయి. పోలీసులు ఫోన్ కంపెనీనుంచి లెక్కలు తెప్పించారు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు, కేసు పెట్టారు. ప్రమాదానికి ఆ వదులు బ్రేకు కారణం కాదని తేల్చి, డాక్టరు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి, తిరిగి పనిలో చేరమని ఉత్తర్వులిచ్చారు. డాక్టరు చేరలేదు. డిపో దాకా వెళ్ళి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చేస్తున్నాడు.

స్కూలు తెరిచిన మూడో రోజు వదిన ల్యాబ్‌కి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "నువ్వు చెప్పావు, అధికారి చెప్పారు, కాగితం చెప్పింది. ఆయన నమ్మట్లేదు. మీ ఆయన నోటితో వింటే నమ్ముతారేమో. నీకు దణ్ణం పెట్టను, బతిమాలను. పంపించు," అని వెళ్ళిపోయింది.

ఆ మాట ఆమె భర్తకి చేరేసింది. వారం రోజులు అతను ఉలుకూ పలుకూ లేకుండా తిరిగాడు. ఆదివారం పొద్దున గడ్డం గీసుకుని, "నువ్వు కూడా రా," అన్నాడు.

ఆమె మెట్లమీదే ఆగిపోయింది. తలుపు ఓరగా తెరిచి ఉంది, మాటలు వినిపిస్తున్నాయి.

"బ్రేకు పడిందా?" అన్నాడు డాక్టరు.

"పడింది."

"ఎడమ వెనకది?"

"అన్నీ పడ్డాయిరా. బండి సరిగ్గానే ఆగింది. మనిషిని దాటాక ఆగింది. నేను రోడ్డు చూడలేదు."

"పెడల్ నేలదాకా దిగిందన్నావు. స్పాంజి అన్నావు."

"అబద్ధం చెప్పాను."

లోపల కంచాలు ఒకదానిమీద ఒకటి పేర్చిన చప్పుడైంది. తర్వాత డాక్టరు గొంతు వినిపించింది. కోపం లేదు, ఏడుపూ లేదు, మామూలుగా ఉంది.

"నువ్వు భుజం మీద చెయ్యేశావురా అక్కడ," అన్నాడు. "వదిలెయ్యరా అన్నావు."



"పో ఇంక," అన్నాడు డాక్టరు.

వదిన తలుపు దాకా వచ్చింది. అతను గుమ్మం దాటాక, మెట్లమీదున్న ఆమెని చూసి, "ఇద్దరూ మళ్ళీ మా గడప తొక్కకండి," అని తలుపు వేసేసింది. వీధి చివరిదాకా నడిచాక అతను ఒక ఇంటి అరుగుమీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె పక్కన నిలబడింది. చెయ్యి వెయ్యాలో వద్దో తేల్చుకోలేక సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

నెల తిరక్కుండా డాక్టరు పనిలో చేరాడని ఎవరో చెప్పారు. ఒకసారి మార్కెట్లో దూరంనుంచి కనిపించాడు, కాస్త ఒళ్ళు చేశాడు. ఆమెని చూసి, వదిన మోచెయ్యి పట్టుకుని అవతలి సందులోకి మళ్ళిపోయాడు.

చలికాలంలో తీర్పు వచ్చింది. ఏడాదిన్నర జైలు. నర్సరీ మనిషి భర్త ఆ రోజు కోర్టులో చివరి బెంచీమీద కూర్చున్నాడు. మాసిన తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా అంతా విన్నాడు. ఆమె లేచి అతని దగ్గరికి వెళ్ళింది. ఫోన్ చేసింది తనేనని చెప్పింది. "పేపర్లో చదివానమ్మా," అన్నాడు అతను. తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకుని, బస్సుకి టైమవుతోందని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆమె నెలకి రెండు శనివారాలు జైలుకి వెళ్తోంది. మధ్యలో అద్దం, చెరో వైపూ కుర్చీ. అతను అక్కడ వంటగదిలో కూరగాయలు తరుగుతున్నాడట, వేళ్ళమీద కత్తిగాట్లు చూపిస్తాడు. స్కూలు సంగతులు అడుగుతాడు. ఆమె చెప్తుంది. చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఇద్దరూ గోడ గడియారం చూస్తూ కూర్చుంటారు. వచ్చే ఎండాకాలానికి కూడా విడుదల కాడు.

అక్క కొండమీంచి ఫోన్ చేసి మొహమాటం లేకుండా అడిగింది. "మీ ఆయన బయటికొచ్చాక కలిసే ఉంటావా?"

"తెలీదక్కా," అంది ఆమె. తెలియకే అంది.